ఉక్కు కమాను రైలు వంతెన: అపోహలు, వాస్తవాలు

2025 జూన్‌లో జమ్మూకశ్మీర్‌లోని చినాబ్ వంతెన ప్రారంభమైనప్పటి నుంచి, వంతెనల డిజైన్ పనిలో ఉన్న నన్ను మిర్యాలగూడలో ఎవరు కలిసినా దాని ఎత్తు గురించే అడుగుతున్నారు. నదీగర్భం నుంచి 359 మీటర్ల ఎత్తు సామాన్యమైనదేమీ కాదు. కానీ మాకు అసలు పరీక్ష 467 మీటర్ల ఆ కమాను పాదాల దగ్గర, అది పూర్తి కాకముందు గడిచే కాలంలో ఉంటుంది.

అపోహ: కమాను బరువంతా నిట్టనిలువునా కిందికే దిగుతుంది.

కమాను తన పాదాలను పక్కలకు కూడా నెడుతుంది. సమానంగా పరుచుకున్న బరువు విషయంలో, మీటరుకు పడే బరువును స్పాన్ (రెండు పాదాల మధ్య దూరం) వర్గంతో గుణించి, కమాను పైకి లేచిన ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే ఆ తోపు ఎంతో తెలుస్తుంది; అంటే కమానును చదును చేసేకొద్దీ తోపు పెరుగుతుంది. 'మన నల్లగొండలో ఎటు చూసినా గుట్టలే, పునాదికి బెంగేమిటి' అనేవారున్నారు. రాయి గట్టిదైనంత మాత్రాన చాలదు, అందులోని పగుళ్లు ఎటు వాలి ఉన్నాయన్నది చూడాలి. చినాబ్ ఒడ్డున డోలమైట్ రాయి విపరీతంగా పగుళ్లు తేలి ఉండడంతో, తవ్వేకొద్దీ బయటపడిన రాతి తీరును బట్టి డిజైన్‌ను సవరించుకుంటూ, వాలును యాంకర్లతో (రాతిలోకి లోతుగా దించి బిగించే ఉక్కు కడ్డీలతో) బిగించాల్సి వచ్చింది. ఈ పనికి సలహాదారుగా ఉన్న బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) ఆచార్యులు మాధవీలత మన తెలుగువారే.

అపోహ: కమాను తనంతట తానే నిలబడుతుంది కనుక కట్టడం తేలిక.

రెండు సగాలూ కలిశాకే అది కమాను. అప్పటిదాకా ఒక్కో సగం, వెనక నుంచి కేబుళ్లు లాగి పట్టుకుంటే గాలిలో నిలిచే చూరు వంటిది. అందుకే ప్రతి ముక్క చేర్చినప్పుడల్లా కొత్తగా లెక్క కడతాం. చినాబ్‌లో ఈ కలయిక 2021 ఏప్రిల్ 5న జరిగింది.

అప్పుడు ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. మన దగ్గర వేసవి మధ్యాహ్నం ఉక్కు గిర్డరు (దూలం) పై అంచు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంటే, నీడనున్న కింది అంచు అంత వేడెక్కదు. గిర్డరు విల్లులా వంగుతుంది. 100 మీటర్ల ఉక్కు 10 డిగ్రీలకు 12 మిల్లీమీటర్లు సాగుతుంది, 24 మిల్లీమీటర్ల బోల్టుకు రంధ్రంలో ఉండే వెసులుబాటు మాత్రం రెండే మిల్లీమీటర్లు. అందువల్ల కీలకమైన కొలతలను ఉక్కంతా ఒకే ఉష్ణోగ్రతకు వచ్చే సూర్యోదయానికి ముందే తీస్తారు.

అపోహ: రైలు అదురుకు బోల్టులు వదులవుతాయి.

ఇవి మామూలు బోల్టులు కావు. నిర్ణీత బలంతో బిగించినప్పుడు పలకల మధ్య పుట్టే రాపిడే భారాన్ని మోస్తుంది. అందుకే ఆ ముఖాలపై నూనె గానీ మామూలు రంగు గానీ పడనివ్వరు.

అపోహ: విష్ణుపురం దగ్గర కృష్ణపైనా ఇలాంటి కమానే కట్టాల్సింది.

లోయలో స్తంభం నిలపలేనప్పుడే పొడవైన కమాను అవసరమవుతుంది. కృష్ణలో స్తంభాలు నిలిపే వీలుంది కాబట్టి, నా మాటకొస్తే, అక్కడ కమాను కేవలం ఆడంబరం. రైల్వేకు 61, 76.2 మీటర్ల ప్రామాణిక ఉక్కు గిర్డర్లు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఒక స్పాన్ పాతబడితే, పక్క స్పాన్లను కదపకుండా దాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు.