రేపు పని ఉందో లేదో తెలియని మనసు: అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలో మానసిక వైద్యురాలిగా పనిచేస్తున్నాను. భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి నా దగ్గరకు వచ్చేవారిలో రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్లు, కౌలు రైతులు, కొబ్బరి దింపు కార్మికులు ఎక్కువ. వారి గురించి ఇంటా బయటా వినిపించే కొన్ని మాటలు సరిదిద్దాల్సినవి.

అపోహ: పని దొరకని రోజునే దిగులు. దొరికితే అంతా మామూలే.

వాస్తవం: పని పోతుందేమోనన్న భయం, పని పోకముందే మనిషిని తినేస్తుంది. ఆ భయం ఏళ్ల తరబడి సాగితే ఆరోగ్యానికి చేసే హాని నిరుద్యోగానికి తీసిపోదని అనేక దేశాల అధ్యయనాల్లో తేలింది. షెడ్డులో కిలోల లెక్కన రొయ్యల తలలు తీసే ఆమెనే తీసుకోండి. చెరువులో రొయ్యలు పట్టే పని (పట్టుబడి) ఉంటే కూలీలను పిలిచే మేస్త్రీ రాత్రి ఫోను చేస్తాడు, తెల్లవారకముందే వ్యాను వస్తుంది. ఫోను రాని రాత్రి ఆమె దాన్ని దిండు పక్కన పెట్టుకుని మాటిమాటికీ చూస్తుంది. ఎందుకైనా మంచిదని మూడింటికే లేచి క్యారేజీ కట్టుకుంటుంది. వ్యాను రాదు. కూలీతో పాటు నిద్ర కూడా పోయింది. నెలల తరబడి ఇలా గడిస్తే గుండెదడ, మతిమరుపు, అయినదానికీ కానిదానికీ పిల్లల మీద విసుక్కోవడం మొదలవుతాయి.

మన తీరంలో మరపడవల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం ఉంది. ఆ రోజులు గడవడం కష్టమే, అప్పులూ అవుతాయి. కానీ తేదీలు ముందే తెలుసు గనుక వలలు బాగుచేసుకుంటారు, వేరే కూలీ చూసుకుంటారు. ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఖాళీ అంతకంటే ఎక్కువగా నలిపేయడం నేను చూస్తూనే ఉన్నాను.

అపోహ: మనసు గట్టిదైతే ఇవేమీ రావు.

వాస్తవం: 2025 ఆగస్టులో అమెరికా, రొయ్యలతో సహా మన సరుకు చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. అక్కడ కొనేవారు వెనకాడితే ఇక్కడ ధర పడుతుంది, రైతు పట్టుబడి వాయిదా వేస్తాడు, వ్యాను కదలదు. ఇందులో షెడ్డులో పనిచేసే ఆమె మనోబలం చేయగలిగింది ఏముంది? కష్టంలో ఉన్న మనిషికి నేరభావం కూడా అంటగట్టే ఈ మాట దయచేసి మానేయండి.

అపోహ: తలపోటు, కడుపులో మంట, ఒళ్లు నొప్పులకు మనసుతో పనిలేదు.

వాస్తవం: వీటికి మనసుతోనూ పని ఉండొచ్చు. ముందు రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. అవి బాగానే ఉంటే నిద్ర గురించి, పని గురించి అడగండి.

అపోహ: మానసిక వైద్యులిచ్చే మందులన్నీ అలవాటు పడిపోతాయి.

వాస్తవం: కుంగుబాటు మందులు వ్యసనంగా మారవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. సొంతంగా ఒక్కసారిగా మానకూడదు. అలవాటు పడే ప్రమాదం డాక్టరు చీటీ లేకుండా కొనుక్కునే నిద్రమాత్రలతోనూ, నిద్ర కోసమని తాగే మద్యంతోనూ ఉంది. ముందుగా ఫోనులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

మేస్త్రీలకు, షెడ్డు యజమానులకు ఒక విన్నపం. పని లేకపోతే ఆ సంగతి రాత్రి ఎనిమిదింటికల్లా చెప్పేయండి. వ్యాను ఎక్కేవారిలో ఒకరికి చెప్పినా మిగతావారికి అందుతుంది.