కాలువ గట్టు మీద పదిహేను సెకన్లు

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, గోదావరి ఒడ్డున, ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. ఊరివాళ్ళూ బయటివాళ్ళూ దాన్ని సినిమా చెట్టు అనేవారు. సుమారు 150 ఏళ్ళ ఆ చెట్టు నీడలో వందల సినిమాలకు షూటింగులు జరిగాయి. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. మర్నాటి పత్రికలు వచ్చేలోపే ఆ చెట్టు పడి ఉన్న వీడియోలు డెల్టా అంతటా ఫోన్లలో తిరిగాయి. అన్నేళ్ళూ ఆ చెట్టు కింద కెమెరా పట్టినవాళ్ళు మద్రాసు నుంచో హైదరాబాదు నుంచో వచ్చినవాళ్ళు. చివరి రోజున కెమెరా పట్టింది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. ఈ ప్రాంతపు పిల్లలకు రీల్స్ మీద, షార్ట్స్ మీద ఇంత మోజు ఎందుకని అడిగేవారికి నేను ముందుగా ఈ చెట్టు సంగతే చెబుతాను.

గోదావరి జిల్లాలకు సినిమాతో చుట్టరికం పాతది. 1936 నాటికే రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ పేరుతో స్టూడియో వెలిసింది. అది నిలదొక్కుకోలేదు, సినిమా మద్రాసుకు తరలిపోయింది. కానీ పచ్చదనం కావాలన్నా, పడవ కావాలన్నా, కొబ్బరితోటల మధ్య మండువా లోగిలి కావాలన్నా సినిమావాళ్ళు మళ్ళీ ఇక్కడికే వచ్చేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారి, లంకలు తప్ప మిగిలిన నేల చాలావరకు వరిచేలుగా మారిన తీరే ఈ అందానికి మూలం. షూటింగు బృందాలు ఆ అందాన్ని తీసుకుని వెళ్ళేవి. ఊరి జనం తాడుకు ఇవతల నిలబడి, ఎర్రటి ఎండలో సాయంత్రం దాకా చూసేవారు. వాళ్ళలో కొందరు జాతర సన్నివేశంలో గుంపుగా కనిపించేవారు. తెర మీద తమ తల ఒక క్షణం కనబడితే దాని గురించి ఏళ్ళ తరబడి చెప్పుకునేవారు. ఇక్కడి మాట సినిమాలోకి వెళ్ళినా చాలాసార్లు నవ్వించే పాత్రకే దక్కింది. ‘ఆయ్’ అనే మర్యాద పలుకు వినగానే హాల్లో జనం నవ్వడం నాకు చిన్నప్పటి నుంచీ బాధగానే ఉండేది. మా నాన్నమ్మ పెద్దవాళ్ళకు జవాబిచ్చేటప్పుడు పలికే మాట అది.

తెర ఇంట్లోకి రావడం అంచెలంచెలుగా జరిగింది. మొదట పండగ రాత్రులు వీసీఆర్ అద్దెకు తెచ్చి పందిట్లో వరసగా సినిమాలు వేసేవారు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి, ఊరూరా కేబుల్ తీగలు లాగారు. ఆ తర్వాతి దశ గురించి ఎవరూ పెద్దగా రాయలేదు గానీ నా దృష్టిలో అదే కీలకం. బస్టాండు పక్కన సెల్ రీచార్జి కొట్లలో పదో ఇరవయ్యో ఇస్తే మెమరీ కార్డు నిండా పాటలూ వీడియోలూ ఎక్కించేవారు. కోనసీమ నుంచీ నరసాపురం ప్రాంతం నుంచీ కువైట్‌కూ మిగతా గల్ఫ్ దేశాలకూ ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు సెలవులకు వస్తూ పిల్లలకు మంచి ఫోన్లు తెచ్చేవారు. అంటే ఇంటర్నెట్ చవక కాకముందే చేతిలో కెమెరా ఉంది, జేబులో పాటల మూట ఉంది. ఆ రెంటినీ కలిపే దారే ఇంకా లేదు.

దారి వేసినవాళ్ళు చాలా దూరాన ఉన్నారు. 2013లో ట్విటర్ విడుదల చేసిన వైన్ అనే యాప్‌లో ఆరు సెకన్ల వీడియోలే పెట్టగలిగేవారు. అది 2017 జనవరిలో మూతపడింది. 2014లో బెర్లిన్ నుంచి డబ్‌స్మాష్, షాంఘై నుంచి మ్యూజికల్లీ యాప్‌లు వచ్చాయి. ఎవరిదో గొంతుకు మన పెదవులు కదిపితే చాలు, వీడియో సిద్ధం. సినిమా డైలాగులు కంఠస్థంగా వచ్చిన తెలుగువాళ్ళకు ఇది నేర్పవలసిన విద్యా? చైనాకు చెందిన బైట్‌డాన్స్ 2016 సెప్టెంబరులో తన దేశంలో డౌయిన్‌ను మొదలుపెట్టి, మరుసటి ఏడు టిక్‌టాక్ పేరుతో బయటి దేశాలకు తెచ్చింది. 2017 నవంబరులో మ్యూజికల్లీని కొని, 2018 ఆగస్టులో దాన్ని టిక్‌టాక్‌లో కలిపేసింది.

ఈలోగా ఇక్కడ నేల తడిసింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చేదాకా 1 జీబీ డేటాకు 250 రూపాయల దాకా పెట్టవలసి వచ్చేది. జియో 2017 మార్చి దాకా ఉచితంగా ఇచ్చి, ఆ తర్వాత నెలకు మూడు వందల చిల్లరకు రోజూ 1 జీబీ ఇచ్చింది. మిగతా కంపెనీలూ ధర దించక తప్పలేదు. 2017లోనే వాట్సాప్ స్టేటస్‌లో వీడియో పెట్టే వీలు కలిగింది. పాట చరణాన్ని 30 సెకన్లకు కత్తిరించి, కింద అక్షరాలు వేసిన స్టేటస్ వీడియోలు ఆ రోజుల్లో డెల్టా కుర్రకారుకు ఉత్తరాల్లాంటివి. నేరుగా చెప్పలేని మాటను చరణం చేత చెప్పించేవారు. చిన్న వీడియోలో భావం చెప్పడం వీళ్ళకు టిక్‌టాక్ నేర్పలేదు. అప్పటికే చేయి తిరిగినవాళ్ళకు అది వేదిక ఇచ్చింది.

ఆ వేదికలో ఒక కొత్త సంగతి ఉంది. ఫేస్‌బుక్‌లో మనకు తెలిసినవాళ్ళే మన బొమ్మ చూస్తారు. స్నేహితులు లేనివాడికి ప్రేక్షకులూ లేరు. టిక్‌టాక్ ముఖపరిచయాన్ని పక్కన పెట్టింది. కొత్త వీడియోను ముందు కొద్దిమందికి చూపిస్తుంది. వాళ్ళు చివరి దాకా చూశారా, మళ్ళీ చూశారా, మధ్యలో నెట్టేశారా అన్నది లెక్క కట్టి, బాగుంటే ఇంకొంతమందికి పంపుతుంది. ఎవరి బిడ్డవని అడగదు, ఏం చదివావని అడగదు, చదవడం రాయడం రాకపోయినా పరవాలేదు. కులం పేరూ పొలం లెక్కా ఆరా తీయకుండా పలకరింపు దొరకని ఊళ్ళలో ఇది ఎంత పెద్ద మాటో ఆ ఊళ్ళలో పుట్టినవాళ్ళకు తెలుస్తుంది.

నరసాపురం దగ్గర మా బంధువుల ఊళ్ళో లేసు అల్లుకుని బతికే ఒక ఇల్లాలు ఉంది. నేను వదినా అని పిలుస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయింది. మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక అరుగు మీద చేరి లేసు అల్లేది. ఫోనును గోడకు ఆనించి, జారకుండా కింద కొబ్బరి పీచు పెట్టేది. అల్లుతున్న చేతులు ఆపకుండానే పాత పాటకు పెదవులు కలిపేది. పదిహేను సెకన్లు. అంతే. సూది కదలిక పాట తాళానికి సరిగ్గా కుదిరేది. ఆమె భర్త మస్కట్‌లో డ్రైవరు. టిక్‌టాక్‌లో డ్యూయెట్ అని ఒక వీలు ఉండేది, ఒకరి వీడియో పక్కన మరొకరు తమ వీడియో చేర్చవచ్చు. అటువైపు ఆయన బండిలో కూర్చుని రెండో చరణం అందుకునేవాడు. మూడేళ్ళకోసారి ఒక్కచోట ఉండే దంపతులు ఒకే తెర మీద పక్కపక్కనే కనిపించేవారు. ఆ వీడియోలు చూసి ఊళ్ళో నవ్వినవాళ్ళున్నారు. అత్తగారు కోప్పడింది కూడా. కానీ ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు ఆ లేసు డిజైను అడుగుతూ రాసేవారు. తన చేతిపని ఎవరో మెచ్చుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఏజెంటు గజాల లెక్కన డబ్బిచ్చి పట్టుకుపోవడమే అప్పటిదాకా తెలుసు.

ఫిర్యాదులు మొదటి నుంచీ ఉన్నాయి, వాటిలో నిజమూ ఉంది. 2019 ఏప్రిల్ 3న మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం అసభ్య వీడియోలను, పిల్లలకు ఉన్న ముప్పును ఎత్తిచూపి టిక్‌టాక్ డౌన్‌లోడ్లను ఆపమంది. యాప్ స్టోర్ల నుంచి తొలగించారు. ఏప్రిల్ 24న కోర్టే ఆ నిషేధం ఎత్తివేసింది. మరుసటి ఏడాదికి దేశంలో దాని వాడకందార్లు 20 కోట్లని అంచనా. అప్పట్లో చైనా బయట దానికి అతి పెద్ద బజారు మన దేశమే.

2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు 20 మంది వీరమరణం పొందారు. జూన్ 29న కేంద్రం ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. దేశ భద్రత కోసం తీసుకున్న ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. కానీ దాని తర్వాత జరిగిన మార్పును ఎవరూ నమోదు చేయకపోవడం నన్ను కలచివేస్తుంది. లాక్‌డౌన్‌లో ఇళ్ళలో ఉన్న జనం, తమ వీడియోలు దాచుకునే వ్యవధి కూడా లేకుండా ఒక్క పూటలో అన్నీ పోగొట్టుకున్నారు. ఖాళీ అయిన చోటును నింపడానికి మోజ్, జోష్, టకాటక్, చింగారి యాప్‌లు పోటీ పడ్డాయి. జూలై 8న ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్‌ను ప్రవేశపెట్టింది. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ను మొట్టమొదట మన దేశంలోనే పరీక్షించింది.

పైకి అంతా ఒకటే. వేలితో పైకి నెడితే తర్వాతి వీడియో. తేడా మనుషుల్లో వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ అప్పటికే కాలేజీ పిల్లల, పట్నం పిల్లల చోటు. అక్కడి ముఖాలు నునుపు, బట్టలు ఖరీదు, వెలుతురు కొలిచి వేసినట్టు ఉంటుంది. ఉప్పాడ బెస్తవాడు, కడియం నర్సరీలో మొక్కలకు మట్టి నింపే కూలీ, మా లేసు వదిన అక్కడికి వెళ్ళి ఇమడలేక వెనక్కి వచ్చేశారు. అందరూ అని అనను. పుంజుకున్నవాళ్ళున్నారు, పూతరేకులు చుట్టడం చూపించి, పులస పులుసు కాచి చూపించి ఇంటిల్లిపాదీ పేరు తెచ్చుకున్నవాళ్ళున్నారు. కానీ నా చుట్టూ చూసినంతలో, నడివయసు ఆడవాళ్ళూ కూలి పని వాళ్ళూ తగ్గిపోయి, పద్దెనిమిదీ ఇరవై ఏళ్ళ పిల్లలు పెరిగారు. దీన్ని యువతరం వ్యామోహం అనడం ఆ తర్వాతే ఎక్కువైంది. అంతకుముందు అది అన్ని వయసులవాళ్ళ అలవాటు.

ఇప్పటి రీల్స్‌లో డెల్టా బాగా కనిపిస్తుంది, డెల్టా మనిషి తక్కువ కనిపిస్తాడు. కనుమ నాటి జగ్గన్నతోట తీర్థమే తీసుకోండి. అంబాజీపేట దగ్గర మొసలపల్లిలో, పదకొండు ఊళ్ళ రుద్రులు, వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభల మీద, ఒకచోట చేరే పండగ. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది కూడా ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు, అగ్రహారం ఊళ్ళ ప్రభలను మోసుకొస్తూ కౌశిక కాలువలో దిగి దాటించే ఘట్టం ఏటా లక్షల ఫోన్లలో తిరుగుతుంది. అది 30 సెకన్ల వీడియోలో ‘అశ్శరభ శరభ’ కేకలతో, నీళ్ళు చిమ్ముతూ గొప్పగా ఉంటుంది. దానికి ముందు జరిగేది ఆ వీడియోలో ఉండదు. పచ్చటి వరిచేల మీదుగా ప్రభ వస్తుంది. మోసేవాళ్ళ కాళ్ళ కింద నాటిన చేను నలిగిపోతుంది. గట్టు మీద నిలబడిన ఆ చేని రైతు దండం పెడతాడు. తన మడిలో స్వామి నడిస్తే పంట పండుతుందని అతని నమ్మకం. కిందటిసారి నేను అక్కడ ఉన్నప్పుడు ఒక రైతు నలిగిన దుబ్బుల్ని వేళ్ళతో నిలబెడుతూ, మళ్ళీ దండం పెడుతూ కనిపించాడు. పక్కన ముగ్గురు కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి కాలువ వైపు పరుగెత్తారు. వాళ్ళను తిట్టలేను. నీళ్ళలో ప్రభ ఉన్న వీడియోకే వ్యూస్ వస్తాయని ఆ యాప్ వాళ్ళకు నేర్పింది.

డబ్బు కూడా ఇప్పుడు ఈ కథలో ఉంది. 2023 ఫిబ్రవరి నుంచి యూట్యూబ్ షార్ట్స్ ప్రకటనల ఆదాయంలో పంచే మొత్తం నుంచి 45 శాతం తీసినవాళ్ళకు ఇస్తోంది. కానీ షార్ట్స్ ద్వారానే అర్హత తెచ్చుకోవాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లూ, 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. కోటి చూపుల కోసం పోటీ పడే పిల్లవాడు ఏం చేస్తాడు? గోదావరి వరద తీసిన తర్వాత ఒరిగిన గట్టు చివర నిలబడతాడు. రేవులో ఎక్కడ లోతు, ఎక్కడ సుడి అన్నది పడవవాళ్ళకే తెలుసు, వాళ్ళను అడగడు. కొంచెం పేరు రాగానే పందెం యాప్‌లవాళ్ళు డబ్బిస్తామని వచ్చేవారు. సంక్రాంతి కోడిపందేలు చూస్తూ పెరిగిన ప్రాంతంలో ఆ ప్రకటనలు చేసిన నష్టం చిన్నది కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది.

రాత్రిళ్ళు నిద్ర చాలడం లేదని, ఇంటర్ పిల్లలు పుస్తకం ముందు కుదురుగా కూర్చోవడం లేదని తల్లిదండ్రులు చెప్పే మాట కూడా నిజమే. కింద అంచు లేని తెర మనిషి చేతిని ఆపనివ్వదు. ఈ అంతులేని స్క్రోల్‌ను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత తానే దాని గురించి పశ్చాత్తాపం ప్రకటించాడు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ళలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. మన 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. తల్లి కువైట్‌లో, తండ్రి చేపల చెరువు కాపలాలో, పిల్లవాడు అమ్మమ్మ దగ్గర ఉండే ఇళ్ళు మా వైపు ఎన్నో. ఆ అనుమతి ఇచ్చేది ఎవరు? అమ్మతో మాట్లాడాలన్నా ఆ పిల్లవాడికి ఉన్నది అదే ఫోను. చట్టాలు రాసేవాళ్ళు ఈ ఇంటి గడప దాకా వచ్చి చూడాలని నా కోరిక.

ఈ మధ్య నరసాపురం వెళ్ళినప్పుడు వదినను ఆ పాత వీడియోలు ఉన్నాయా అని అడిగాను. లోపలికి వెళ్ళి బియ్యం డబ్బా పక్క నుంచి పాత ఫోను తెచ్చింది. గాజు ఒక మూల పగిలింది, చార్జరు పెట్టి ఉంచితేనే వెలుగుతుంది. మొత్తం మీద పదకొండు వీడియోలు మిగిలాయి, అవి ఎప్పుడో మస్కట్‌కు వాట్సాప్‌లో పంపినవి. ఒకటి నొక్కింది. అరుగు, కొబ్బరి పీచు, కదిలే సూది. పక్క సగంలో ఆయన బండి స్టీరింగు మీద తాళం వేస్తున్నాడు. పదిహేను సెకన్లకు ఆగి, మళ్ళీ మొదటికి వచ్చింది. ఆమె కూతురు మా వెనక గుమ్మంలో నిలబడి తన ఫోనులో రీల్స్ చూసుకుంటోంది. తల్లి గొంతు విని తలెత్తి, “అమ్మా, ఇది నువ్వేనా? నాకెప్పుడూ చూపించలేదేం?” అంటూ వచ్చి పక్కన కూర్చుంది.