బీపీ గోలీతో ఫిట్స్ ఆగుతాయా? అపోహలు - వాస్తవాలు

ఉప్పల్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ మొన్న ఓపీలో నా ముందు ఫోన్ పెట్టింది. లోసార్టాన్ అనే బీపీ గోలీ ఫిట్స్‌ను ఆపుతుందని వాట్సాప్‌లో ఎవరో పంపారు. "మా మనవని ఫిట్స్ గోలీ బంద్ పెట్టి నా బీపీ గోలీ ఏస్తే సరిపోతదా సార్?" అని అడిగింది.

అపోహ: లోసార్టాన్ ఫిట్స్ మందు.

వాస్తవం: కాదు. కానీ ఆ మెసేజ్ పూర్తిగా గాలి కబురు కూడా కాదు. తలకు గట్టి దెబ్బ తగిలితే రక్తనాళాలకూ మెదడుకూ మధ్య ఉండే కాపలా గోడ సడలుతుంది. రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మెదడులోకి కారుతుంది. అక్కడ నరాల కణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ కణాల్లో టీజీఎఫ్-బీటా అనే సంకేతాన్ని రేపుతుంది, వాపు మొదలవుతుంది. అందుకే హెల్మెట్ లేకుండా బండి మీద నుంచి పడ్డవాళ్లలో కొందరికి నెలలకో ఏళ్లకో ఫిట్స్ మొదలవుతాయి. లోసార్టాన్ ఆ సంకేతాన్ని అణిచేస్తుంది. ఇజ్రాయెల్‌లోని బెన్-గురియన్, అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయాల బృందాలు 2014లో ఎలుకలకు దెబ్బ తగిలిన సమయం నుంచి 3 వారాలు ఈ మందిచ్చి చూస్తే, 60 శాతం ఎలుకలకు ఫిట్స్ రానే లేదు.

అంటే ఫిట్స్ జబ్బు వేరూనకుండా ముందే చూసే ప్రయత్నమన్నమాట. పెద్దమ్మ మనవడికి ఆ జబ్బు వేరు ఎప్పుడో దిగిపోయింది.

అపోహ: మనుషుల్లో కూడా రుజువైపోయింది.

వాస్తవం: జర్మనీలో లక్షన్నరకు పైగా బీపీ రోగుల రికార్డులు తిరగేసి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. సార్టాన్ రకం మందులు వాడినవాళ్లలో మూర్ఛ కొంత తక్కువగా కనిపించింది, లోసార్టాన్‌తో ఇంకాస్త స్పష్టంగా. ఆశ పుట్టించే సంగతే. అయితే అవి పాత రికార్డులు. మందు వల్లే తగ్గిందని తేలాలంటే ఒక గుంపుకు మందిచ్చి, ఇంకో గుంపుకు ఇవ్వకుండా పోల్చి చూడాలి.

అపోహ: బీపీ గోలీయే కదా, వేసుకుంటే పోయేదేముంది?

వాస్తవం: బీపీ జబ్బు లేనివాళ్లకు కళ్లు తిరగొచ్చు, పొటాషియం పెరగొచ్చు. గర్భిణులైతే దీని జోలికే పోకూడదు.

ఫిట్స్ గోలీ ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆగకుండా ఫిట్స్ వచ్చి ఐసీయూ దాకా పోవచ్చు.

ఇంకోటి, ఇది వాట్సాప్‌లో రాదు. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందులు వాడేవాళ్లలో ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మందుల బలం తగ్గుతుంది. అందుకే రెండు జబ్బులూ ఉన్నవాళ్లు ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా రెండు మందుల పట్టీలూ సంచిలో వేసుకెళ్లండి.