మొదటి వారంలో తగ్గేది ఏమిటి?

తిండి తగ్గించి, నడక మొదలుపెట్టిన మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గితే ఎక్కడలేని హుషారు వస్తుంది. మూడో వారానికి వెయింగ్ మెషీన్ మీద అంకె కదలడం మానేస్తే ఆ హుషారంతా నీరుగారిపోతుంది. "నా ఒళ్లే ఇంత, ఏం చేసినా తగ్గదు" అని చాలామంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే. అప్పటికి వాళ్ల ఒంట్లో కొవ్వు చక్కగా కరుగుతూనే ఉండవచ్చు. అందుకే వాళ్లు ఆపేస్తే నాకు బాధనిపిస్తుంది.

మెషీన్ చూపించే బరువులో నీళ్లు, కండ, ఎముక, పేగుల్లో ఉన్న ఆహారం, కొవ్వు అన్నీ ఉంటాయి. వీటిలో ఇవాళ్టికీ రేపటికీ మారిపోయేది నీరు. మన కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ అనే పిండిపదార్థం దాదాపు అరకిలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే శరీరం ముందు వాడుకునేది ఈ నిల్వనే. 400 గ్రాములు ఖర్చయితే దానితో పాటు పోయే నీటిని కలుపుకుని 1.6 కిలోలు తగ్గినట్టు కనిపిస్తుంది. రెండు రోజులు కడుపునిండా తింటే అదంతా తిరిగొస్తుంది. వచ్చింది కొవ్వు కాదు, పోయిందీ కొవ్వు కాదు.

కొవ్వు లెక్క వేరు. ఒంట్లో కిలో కొవ్వు తగ్గాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. రోజుకు 500 కేలరీలు తక్కువ తింటే అందుకు పదిహేను రోజులు పడుతుంది. వారంలో రెండు కిలోల కొవ్వు కరగాలంటే రోజూ 2,200 కేలరీల లోటు కావాలి. చాలామంది పెద్దవాళ్లు రోజు మొత్తం మీద ఖర్చు చేసేదే దాదాపు అంత. అంటే పచ్చి మంచినీళ్లు మాత్రమే తాగి బతకాలి. వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గితే చాలని డాక్టర్లు చెప్పడానికి వెనుక ఉన్నది ఈ కూడికలు తీసివేతలే.

ఇంతకీ కరిగిన కొవ్వు ఎటు పోతుంది? చెమటగా కారిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు పరిశోధకులు 2014లో దీన్ని అణువుల స్థాయిలో లెక్కగట్టారు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితో బయటికి పోతాయి. మిగతా 1.6 కిలోలు నీరవుతాయి. అలాగని గబగబా ఊపిరి పీల్చి వదిలితే కొవ్వు కరగదు. ముందు ఒంటికి ఆ శక్తి అవసరం పడాలి.

అంకె తగ్గినంత మాత్రాన మంచి జరిగినట్టు కాదనడానికి 2010లో షికాగో విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. పదిమందికి తిండి తగ్గించి, రెండు వారాల పాటు రాత్రికి ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకునే వీలిచ్చారు. రెండుసార్లూ తగ్గింది దాదాపు మూడేసి కిలోలే. బాగా నిద్రపోయినప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు. నిద్ర కోసినప్పుడు 0.6 కిలోలే. మిగిలినదంతా కండ, నీరు లాంటివాటి నుంచి పోయింది. పైగా నిద్ర తక్కువైనప్పుడు ఆకలి పెరిగింది. ప్రయోగం చిన్నదే కానీ, తెల్లవారుజామునే లేచి వ్యాయామం చేయాలని నిద్ర మానుకునేవాళ్లు ఒక్కసారి ఆలోచించాల్సిన విషయం ఇది.

కండ ఎందుకంత ముఖ్యం? మెట్లెక్కాలన్నా, కుర్చీలోంచి లేవాలన్నా, తూలినప్పుడు నిలదొక్కుకోవాలన్నా కండే దిక్కు. వయసు పైబడ్డాక పోగొట్టుకున్న కండను తిరిగి సంపాదించడం చాలా కష్టం. తిండి తగ్గించినప్పుడు కండను కాపాడేవి రెండు. ఒకటి ప్రోటీన్: పప్పుధాన్యాలు, గుడ్లు, చేపలు, పాల పదార్థాలు ఏవైనా సరే, ప్రతి పూటా కొంత ఉండాలి. ప్రోటీన్ ద్వారా వచ్చే కేలరీల్లో 20 నుంచి 30 శాతం దాన్ని అరిగించుకోవడానికే ఖర్చవుతాయి. ఆకలి కూడా త్వరగా వేయదు. (కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.) రెండోది కండకు పని చెప్పడం. దీనికి జిమ్ తప్పనిసరేం కాదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు రెండు చేతులూ ఆనించి పుషప్‌లు తీయడంతో మొదలుపెట్టవచ్చు. పదోసారి సులువుగా అయిపోతోందంటే ఇంకాస్త కష్టమైనది ఎంచుకోవాలి. వారానికి రెండు రోజులు చేసినా ఉపయోగమే.

తిండి విషయంలో ఏం మానాలో అందరూ చెబుతారు. దానికంటే ఏ రకం తిండి మనకు తెలియకుండానే ఎక్కువ తినిపిస్తుందన్నది పెద్ద ప్రశ్న. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో దీనికి ఒక జవాబు ఇచ్చింది. ఇరవైమందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు మామూలుగా వండిన ఆహారం పెట్టారు. రెండింట్లోనూ వడ్డించిన కేలరీలు, చక్కెర, ఉప్పు, కొవ్వు, పీచు దాదాపు సమానం. ఇష్టం ఉన్నంత తినమన్నారు. ప్రాసెస్డ్ ఆహారం పెట్టినన్నాళ్లూ రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో పెరిగారు. మామూలు వంట తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గారు. నోరు కట్టేసుకోమని ఎవరూ చెప్పకుండానే!

మరి వ్యాయామం? డెబ్బై కిలోల మనిషి అరగంట వడివడిగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. చిన్న బిస్కెట్ ప్యాకెట్‌తో అది చెల్లైపోతుంది. అందుకే తిండి మార్చకుండా నడకనొక్కదాన్నే నమ్ముకుంటే నిరాశ తప్పదు. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా చూడటంలో మాత్రం వ్యాయామానిది పెద్ద చేయి. బరువు తగ్గి ఏళ్ల తరబడి అలాగే ఉన్నవాళ్ల వివరాలను అమెరికాలో 1994 నుంచి నమోదు చేస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది రోజుకు దాదాపు గంటసేపు ఒళ్లు కదిలిస్తారు, అదీ ఎక్కువగా నడకే.

బరువు తగ్గినప్పుడు శరీరం ఊరుకోదు. కొవ్వు కణాల నుంచి వచ్చి ఆకలిని అణిచే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఈ మార్పులు పూర్తిగా సర్దుకోలేదు. కాబట్టి మళ్లీ ఆకలి వేధిస్తే అది మనోబలం లేకపోవడం కాదు, తిట్టుకోవాల్సిన పనిలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. త్వరగా తగ్గితేనే మళ్లీ పెరుగుతారన్న నమ్మకానికి గట్టి ఆధారం లేదు. 2014లో మెల్‌బోర్న్‌లో 200 మందిపై చేసిన పరీక్షలో పన్నెండు వారాల్లో తగ్గినవాళ్లు, ముప్ఫై ఆరు వారాల్లో తగ్గినవాళ్లు, ఇద్దరూ మూడేళ్లలో తగ్గినదాంట్లో 70 శాతం పైగా తిరిగి పెరిగారు. అయితే అక్కడ త్వరగా తగ్గినవాళ్ల వెనుక వైద్య బృందం ఉంది. సొంతంగా కడుపు మాడ్చుకుంటే కండ పోవచ్చు, పిత్తాశయంలో రాళ్లూ రావచ్చు. నెమ్మదిగా తగ్గమని నేననేది ఇంకో కారణంతో కూడా: ఇవాళ తింటున్న తీరులో వచ్చే ఏడాది కూడా తినగలమా అని చూసుకునే వీలు ఉంటుంది.

ఎంత తగ్గాలి? అనుకున్నంత ఎక్కువేం అక్కర్లేదు. మధుమేహం అంచున ఉన్న మూడువేల మందికి పైగా పాల్గొన్న అమెరికా పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. అందులో ఒక బృందానికి పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. వాళ్లలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. ఎనభై కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలే.

రోజూ తూచుకునేవాళ్లు ఉదయాన్నే ఒకే సమయానికి తూచుకుని, ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చుకోవాలి. నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు నీరు చేరి బరువు పెరిగినట్టు కనిపిస్తుంది, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. షుగర్‌కో బీపీకో మందులు వాడుతున్నవాళ్లు మాత్రం మొదలుపెట్టే ముందే డాక్టర్‌కి చెప్పాలి. తిండి తగ్గాక అదే డోసు ఎక్కువై షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.