కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదివితే చేతికి ఏమొస్తుంది? అపోహలు - వాస్తవాలు

కోనసీమలో సైట్లు చూసుకునే పని నాది. సివిల్ పూర్తిచేసిన పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ అడిగే మాటలు ఇవి.

అపోహ: పని మేస్త్రీకే తెలుసు, ఈ చదువు దండగ.

వాస్తవం: తాపీ పనిలో మేస్త్రీకి మనం సాటిరాం, అది ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ఏ పని ఎప్పుడు, దేని తర్వాత పెట్టుకోవాలన్నది మాత్రం ఈ చదువు నేర్పుతుంది. మన డెల్టాలో దాని విలువ ఇంకా ఎక్కువ. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కూడా వరదకూ వరదకూ మధ్య దొరికిన నెలల్లో కట్టుకొచ్చిందే. ఇప్పటికీ వేసవిలో కాలువలు కట్టేస్తారు. తూములు, కాలువ గోడల పని మళ్లీ నీళ్లు వదిలేలోపు ముగియాలి, లేదంటే మళ్లీ వేసవి దాకా ఆగాలి.

ఇళ్ల పనికి ఇది తిరగబడుతుంది. నేను కొత్తలో సముద్రం దగ్గరి ఊళ్లో ఒక శ్లాబ్‌ను సరిగ్గా కాలువ కట్టేసిన రోజుల్లో పెట్టుకున్నాను. కాలువలో నీళ్లు లేవు, అక్కడ బోరులో ఉప్పునీళ్లే. ఆర్‌సీసీకి, అంటే ఇనుప కడ్డీలు వేసి పోసే కాంక్రీటుకు, కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది, దాటితే లోపలి ఇనుము తుప్పుపడుతుంది. కలపడానికీ, తర్వాత తడపడానికీ ట్యాంకర్లతో నీళ్లు తోలించాం. ఆ ఖర్చు ఇంటాయన మీద పడింది. తేదీ పెట్టిన నాదే తప్పు. ఆయనకు ఇప్పటికీ మొహం చూపించలేను.

అపోహ: ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ వస్తే చాలు.

వాస్తవం: నదిలో ఇసుక తవ్వే ర్యాంపు నుంచి వచ్చిన తడి ఇసుక ఉబ్బి ఉంటుంది, సన్న ఇసుకైతే 30 శాతం దాకా. గమేళాలతో కొలిచి పోస్తే సిమెంటు మాల్‌లో ఇసుక తక్కువ పడుతుంది. అది సాఫ్ట్‌వేర్‌కు మనం చెప్పాలి.

అపోహ: కట్టడాల పనికి తప్ప ఇంకెక్కడా పనికిరాదు.

వాస్తవం: రొయ్యల చెరువు తవ్వించేవాళ్లకూ మట్టి లెక్క, కరెంటు లైను, ఏరేటర్లు వచ్చే తేదీ కావాలి.

అపోహ: ఆడపిల్లలకు ఇది కుదరదు.

వాస్తవం: మా దగ్గర క్యూబ్ టెస్టులు, అంటే కాంక్రీటు దిమ్మల్ని నొక్కి బలం చూసే పరీక్షలు, చూసేది ఒక అమ్మాయి. 7వ రోజుకు మూడింట రెండు వంతుల బలమైనా రావాలి. ఒకసారి రాలేదు. పూర్తి బలం చూసే 28వ రోజు దాకా ఆగకుండా, మర్నాటి శ్లాబ్‌కు సిద్ధంగా ఉన్న ముఠాను వెనక్కి పంపించేసింది. కాంట్రాక్టరు గొంతు పెంచితే రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది.