ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: రెండు సగటుల వెనక కథ

"ఇంట్లో తెలుగు మానేసి ఒడియాలోనే మాట్లాడండి, పిల్ల తికమకపడుతోంది." ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడిలో ఉండే మా చెల్లెలికి ఒక టీచరమ్మ చెప్పిన మాట ఇది. చెల్లెలు నెలరోజులు టెన్షన్ పడింది. పిల్లకి ఆరేళ్ళు. మొన్న నాతో కిరాణా కొట్టుకి వచ్చి, కొట్టాయన్ని "కెతే టంకా?" అని అడిగి, వెంటనే నావైపు తిరిగి "పన్నెండంట పెద్దమ్మా, చిల్లరుందా?" అంది. నాకైతే తికమక ఎక్కడా కనబడలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడ్డప్పుడు పర్లాకిమిడి ఊరు అటు వెళ్ళింది, ఆ జమీందారీ ఎస్టేటులో చాలా భాగం మద్రాసు రాష్ట్రం వైపే ఉండిపోయింది. ఇక్కడి తెలుగిళ్ళ పిల్లలు తరతరాలుగా రెండు భాషల మధ్యే పెరుగుతున్నారు. మరి రెండు భాషలు బుర్రకి బరువన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ మాటకి బలమిచ్చినవాటిలో వేల్స్‌లో జరిగిన ఒక పరిశోధన ఉంది. 1923లో సేర్ అనే ఆయన అక్కడి బడిపిల్లల ఐక్యూ ఫలితాలు ప్రచురించాడు. అక్కడి భాష వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చిన పిల్లల సగటు, ఒక్క భాషే వచ్చిన పిల్లల సగటుకంటే తక్కువ వచ్చింది. జనం గుర్తుపెట్టుకున్నది ఇంతవరకే. ఆ తేడా పల్లెటూరి పిల్లల్లోనే కనిపించిందనీ, పట్నం పిల్లల్లో లేదనీ కూడా అదే పరిశోధనలో ఉంది.

రెండు సగటుల్ని పక్కపక్కన పెట్టగానే పోలిక అయిపోదు. ఒక గుంపు సగటు 58, ఇంకో గుంపుది 62 అనుకుందాం. పిల్లలందరి మార్కులూ తమ సగటు చుట్టుపక్కలే ఉంటే 4 మార్కులు పెద్ద తేడానే. మార్కులు 30 నుంచి 90 దాకా చెదిరి ఉంటే, పదిమంది పిల్లలు మారితే చాలు, ఆ తేడా మాయం కావచ్చు. నమూనా చిన్నదైనా ఈ చెదురుని సరిగ్గా లెక్కలోకి తెచ్చే దారి చూపినవాడు డబ్లిన్ గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్. కొద్దిపాటి నమూనాలతోనే నిర్ణయాలు తీసుకోవాల్సిన ఉద్యోగం ఆయనది. 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో తన లెక్క ప్రచురించాడు. 1925లో గణాంకవేత్త ఫిషర్ రాసిన పుస్తకంతో అది టీ-టెస్టుగా పరిశోధకులందరి చేతికీ వచ్చింది. రెండు గుంపుల చెదురు ఒకేలా లేనప్పుడు ఏం చేయాలో 1947లో వెల్చ్ అనే మరో గణాంకవేత్త చెప్పాడు. సైకాలజీలో మొదట వాడాల్సింది వెల్చ్ పద్ధతేనని నా అభిప్రాయం, ఎందుకంటే మనుషుల గుంపులు ఒకే తీరున చెదిరి ఉండటం అరుదు.

అయితే ఏ టెస్టయినా అంత తేడా కాకతాళీయంగా రావడం ఎంత అరుదో అన్నంతవరకే చెబుతుంది. ఎందుకొచ్చిందో చెప్పదు. ఏ పిల్లకి ఎన్ని భాషలు రావాలో చీటీలు వేసి తేల్చలేం కదా! అందుకే గుంపుల్ని ఎలా ఎంచుకున్నారన్నదే అసలు సంగతి. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కుటుంబాల స్థితిగతులు సరిచూసుకుని పదేళ్ళ పిల్లల్ని పోల్చారు. రెండు భాషల పిల్లలే ముందున్నారు.

నాకు బాగా నచ్చింది మాత్రం మన పక్కనే కంధమాల్‌లో సైకాలజిస్టు అజిత్ మహంతి చేసిన పని. అక్కడ కొన్ని ప్రాంతాల్లో కంధులనే గిరిజనులు తమ భాష కుయి, ఒడియా రెండూ మాట్లాడతారు, కొన్ని ప్రాంతాల్లో ఒడియా ఒక్కటే మిగిలింది. తెగ ఒకటే, బతుకుతీరు ఒకటే, తేడా అంతా భాషలోనే. ఇంత చక్కని పోలిక వెతికినా దొరకదు. అక్కడా రెండు భాషల పిల్లలే మెరుగ్గా చేశారు.

ఈమధ్య పెద్ద నమూనాలతో చేసిన కొన్ని పరిశోధనల్లో ఆ లాభం కనిపించలేదు, దానిమీద వాదన ఇంకా నడుస్తోంది. ఇంట్లో తెలుగు వల్ల పిల్ల చెడిపోతుందన్న మాటకి మాత్రం అందులోనూ ఆధారం లేదు. ఆ టీచరమ్మకి మా చెల్లెలు ఎదురుచెప్పలేకపోయింది. నేనైతే ఒక్కటే అడిగేదాన్ని: మా పిల్లని ఏ పిల్లలతో పోల్చి చెబుతున్నారమ్మా?