చెంబు గాజు బీరువాలోకి ఎలా చేరింది: బుడితి ఇత్తడి నేపథ్యం

గ్యాలరీలో రెండు వస్తువులు పక్కపక్కన పెట్టారనుకుందాం. ఒకటి కడుపు నల్లబడిన పాత బిందె, రెండోది అద్దంలా మెరిసే పూలకుండీ. బిందె కింద చీటీ మీద ‘వింటేజ్, శ్రీకాకుళం జిల్లా’, కుండీ కింద ‘సమకాలీన డిజైన్, బుడితి’. చూడవచ్చినవాళ్ళు అడిగేది ఒకటే: ఇది నిజంగా పాతదేనా? అడగాల్సిన ప్రశ్నే. అయితే దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఊరూరా ఇత్తడి వాడిన ఈ ఉత్తరాంధ్ర జిల్లాల్లో పాత సామాను ఇంత తక్కువగా ఎందుకు మిగిలింది?

జవాబు కొలిమిలో ఉంది. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలం బుడితిలాంటి ఇత్తడి ఊళ్ళకు ముడిసరుకు ప్రధానంగా పాత సామానే. అడుగు ఊడిన బిందె, మర అరిగిన మరచెంబు, మాట్లు వేసివేసి ఇక మాటు నిలవని గంగాళం తూకానికి ఇచ్చేసి, తరుగు పోగా మిగిలిన బరువుకి మజూరీ కట్టి కొత్త సామాను తెచ్చుకోవడం పెళ్ళి ఉన్న ఇంట్లో మామూలు పని. తాతమ్మ కాగు కరిగి మనవరాలి సారె బిందె అయ్యేది. అంటే కొత్త బిందెలో ఉన్న లోహం పాతదే, రూపం మాత్రం కొత్తది. బొబ్బిలి వీణకు ఈ చిక్కు లేదు. గొల్లపల్లిలో పనస మొద్దు తొలిచి చేసిన వీణ మూలన పడ్డా వీణగానే ఉంటుంది, దాన్ని కరిగించి ఇంకో వీణ చేయలేరు. ఇత్తడి చరిత్ర మాత్రం తనను తాను తింటూ వచ్చింది.

కరిగించిన ప్రతిసారీ లోహం కొంత మారుతుంది కూడా. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం (జింకు) కలయిక. సాధారణంగా రాగి 60 నుంచి 70 పాళ్ళు, మిగతాది జింకు. రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, జింకు 907 దగ్గరే ఆవిరవుతుంది. అందుకే మూస (లోహం కరిగించే పాత్ర) మీద తెల్లటి పొగ లేచి దూదిలా తేలుతుంది. అది జింకు తగలబడిపోవడమే. ఆ పొగ పీల్చినవాళ్ళకు సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. తెలిసిన పనివాడు రాగి కరిగాకనే చివర్లో జింకు వేస్తాడు, పైన బొగ్గుపొడో వెలిగారమో (బోరాక్స్) కప్పుతాడు, పోయేది లెక్కేసి కాస్త ఎక్కువే కలుపుతాడు. కంచు లెక్క వేరు. అందులో రాగి సుమారు 78 పాళ్ళు, తగరం 22. గంటలా మోగుతుంది, కింద పడితే పింగాణీలా పగులుతుంది. చీటీల మీద ఈ రెండింటినీ కలిపి ‘బ్రాస్’ అని రాసేయడం చాలాచోట్ల కనబడే తప్పు.

మైనంతో రూపం చేసి, అది కరిగి పోయిన ఖాళీలో లోహం పోసే పద్ధతి మైనం పోత. అందులో తప్పులు ఎక్కడ పుడతాయో తెలిస్తే వస్తువుని చదవడం సులువు. బంకమట్టి, ఇసుక, ఊక కలిపి లోపలి అచ్చు చేసి ఆరబెడతారు. దాని మీద తేనెమైనం, గుగ్గిలం, కాస్త నూనె కలిపిన ముద్దను సమంగా పరుస్తారు. ఎండాకాలం గుగ్గిలం పాలు పెంచకపోతే మైనం జారుతుంది, చలికాలం నూనె పెంచకపోతే పగులుతుంది. మైనం మందం ఎంతో రేపటి లోహం మందం అంతే. ఇత్తడి సాంద్రత మైనానికి తొమ్మిది రెట్ల దాకా ఉంటుంది కాబట్టి కిలో మైనానికి తొమ్మిది కిలోల లోహం సిద్ధం చేసుకోవాలి, పోత దారుల్లో నిండేది అదనం. పైన మొదట జల్లించిన మెత్తటి మట్టి పూత, అది ఆరాక ముతక మట్టి. నీడలో ఆరనివ్వకుండా ఎండలో పెడితే అచ్చు నెర్రెలిచ్చి, పోతకి రెక్కల్లా అంచులు లేస్తాయి. అచ్చు కాల్చి మైనం కార్చేశాక, అది వేడిగా ఉండగానే లోహం పోయాలి. చల్లారిన అచ్చులో లోహం అంచులదాకా పారదు. తడి మిగిలితే బెజ్జాలు. లోపలి అచ్చుని పట్టి ఉంచే మేకులు సరిగా లేకపోతే అది ఒక పక్కకి ఒరుగుతుంది. కుండీ మూతి దగ్గర వేళ్ళతో తడిమితే ఒకవైపు రేకులా, రెండోవైపు దిమ్మలా తగులుతుందే, అదే ఇది.

ఈ పనికి మొదటి దెబ్బ దగ్గర్లోంచి రాలేదు. ఈ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1890ల చివర్లో, మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం గిన్నెల తయారీ మొదలుపెట్టించారు. తేలిక, చవక, కళాయి (లోపలి తగరపు పూత) అక్కర్లేదు. ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు. 1980ల మొదట్లో సేలం ఉక్కు కర్మాగారం ఈ రేకు తయారీ మొదలెట్టేనాటికి సారెలో కూడా స్టీలు బిందె చేరిపోయింది. ఇత్తడిలో పులుసు కాయాలంటే కళాయి ఉండాలి. గిన్నె తోమి, వేడి చేసి, నవసాగరం (అమ్మోనియం క్లోరైడు) చల్లి, తగరం రుద్ది, దూదితో తిప్పి పులమాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, వేడి మించితే పసుపు తిరిగి మాడుతుంది, జిడ్డు మిగిలితే పొలుసుల్లా లేస్తుంది. వీధిలో కళాయి కేక ఆగిపోయాక వంటింట్లో ఇత్తడికి చోటు లేకపోయింది.

చిత్రంగా, వంటిల్లు వదిలేస్తున్న కాలంలోనే డిజైన్ లోకం చెంబుని పట్టుకుంది. 1958లో అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, తాము ఇక్కడ మెచ్చిన వస్తువుల్లో చెంబుని మిన్నగా ఎంచారు. చేతికి ఎంత నిండాలి, ఖాళీగా ఎంత బరువు, నిండితే ఎంత, నడుమున ఎలా నిలవాలి, మూతి నుంచి నీరు ఎలా జారాలి అని ఒక్కొక్కటే లెక్కేశారు. ఇది ఒక్కరు గీసిన రూపం కాదని, తరాల చేతులు దిద్దినదని చెప్పారు. ఆ నివేదిక వెనకాలే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. అక్కడినుంచి చెంబుకి రెండో బతుకు మొదలైంది: పూలకుండీ, దీపపు దిమ్మె, హోటలు వరండాలో మొక్కల తొట్టి. బుడితి మెడలు సన్నబడ్డాయి, కడుపులు పెరిగాయి. బుడితి ఇత్తడికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా దక్కింది. ఆ గుర్తింపు ఊరికీ పద్ధతికీ సంబంధించింది, వయసుకి కాదు.

వయసు చట్టం వేరే. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చి 1976 ఏప్రిల్ 5 నుంచి అమలైంది. కళాపరంగానో చరిత్రపరంగానో విలువున్న వస్తువు 100 ఏళ్ళు దాటితే దాన్ని దేశం దాటించి అమ్మడం ప్రైవేటువారికి కుదరదు, దేశంలో వ్యాపారం చేయాలన్నా లైసెన్సు కావాలి. ‘వింటేజ్’ అనే మాటకు మాత్రం ఏ చట్టంలోనూ కొలత లేదు. అందుకే అది చీటీ మీద అంత ధీమాగా కూర్చుంటుంది.

మరి చూసి ఎలా పోల్చుకోవాలి? బిందెని బోర్లించి, నడుము దగ్గర వెలుగు ఏటవాలుగా పడనివ్వండి. పాత పనిలో రెండు రేకుల అంచులు పళ్ళలా కోసి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి, వెలిగారంతో అతికించేవారు. తోమితోమి ఆ పళ్ళ గీత కాస్త వేరే రంగులో కనబడుతుంది. యంత్రం మీద ఒత్తి తీసిన కొత్త బిందెకి అతుకు ఉండదు, సన్నటి గుండ్రటి గీతలుంటాయి. బూడిద, చింతపండు పడిన నిజమైన అరుగుదల మూతి అంచునా, చెయ్యి పట్టే మెడ దగ్గరా, నేలకానే అడుగునా ఉంటుంది. నవసాగరం నీళ్ళతో రెండు రోజుల్లో తెప్పించిన పచ్చదనం అన్నిచోట్లా ఒకేలా ఉండి తడి దూదికి అంటుకుంటుంది.

నిజం చిలుము వేరు, రోగం వేరు. లేత ఆకుపచ్చ పొడి మచ్చలుగా పువ్వులా లేచి, తుడిచినా మళ్ళీ వస్తుంటే లోపల క్లోరైడు తింటోందని అర్థం. సముద్రపు గాలి తగిలే కళింగపట్నం, భీమునిపట్నం వైపు సామానుకి ఇది ఎక్కువ. దాన్ని వేరుగా, పొడిగా ఉంచి సంరక్షకుడికి చూపించాలి. చింతపండు ఉప్పు పట్టించడమంటే ఆ రోగానికి మేత వేయడమే. ఇంట్లో రోజూ కడిగే చెంబుకి అది చెల్లుతుంది, గాజు వెనక నెలలకొద్దీ ఉండే చెంబుకి చెల్లదు. రబ్బరు బ్యాండు చుట్టి పెడితే అందులోని గంధకంతో నల్లటి చార పడుతుంది, అది తొందరగా పోదు. కొత్త కుండీల విషయంలో ఇంకో జాగ్రత్త: పాత కుళాయిలు, వాల్వులు కరిగించిన ఇత్తడిలో సీసం ఉండవచ్చు. అలంకారానికి పరవాలేదు, అందులో తాగునీరు పోయవద్దు.

ఇంతకీ వయసు చెప్పే గట్టి సాక్ష్యం చాలాసార్లు బిందె భుజం మీదే ఉంటుంది. కొన్నాక బజారులో చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఇంటిపేరు, కొన్నిటి మీద పెళ్ళి తేదీ కూడా. ఆ అక్షరాల తీరు, అంకెలు తెలుగువా ఇంగ్లీషువా, పేరు ఆడపిల్లదా పుట్టింటివాళ్ళదా అన్నది చీటీలో రాయాల్సిన సంగతి. అమ్మకానికి ముందు మెరుపు కోసం బఫ్ చక్రం (పాలిష్ చేసే గుడ్డ చక్రం) మీద పెడితే ఆ చుక్కలే మొదట చెరిగిపోతాయి. అలా చెరిగిన బిందెకి వింటేజ్ ధర అడిగితే, తూకం ధర దగ్గర బేరం మొదలెట్టవచ్చు.